కుటుంబ సర్వే దత్తాంశంతో పరిశోధన: లెక్కకు ముందు తేల్చుకోవలసిన విషయాలు

కమతం చిన్నదైనకొద్దీ ఎకరాకు వచ్చే ఉత్పత్తి పెరుగుతుందన్న పరిశీలన భారత వ్యవసాయ అర్థశాస్త్రంలో చాలా పాతది. 1950లలో జరిగిన వ్యవసాయ నిర్వహణ అధ్యయనాల ఆధారంగా అమర్త్య సేన్ 1962లో దానిని చర్చకు పెట్టినది మొదలు, ఆ సంబంధం నిజమా, నిజమైతే కారణమేమిటి అన్న వాదం సాగుతూనే ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక స్నాతకోత్తర విద్యార్థి తెలంగాణలోని వరి రైతుల నుంచి సేకరించిన సమాచారాన్ని నాకు చూపినప్పుడు, ఆ సంబంధం అంత బలంగా కనిపించిన పట్టికను నేను అంతకుముందు చూడలేదు. అయిదెకరాలు దాటిన రైతులకు ఎకరాకు 22 క్వింటాళ్ల దిగుబడి ఉండగా, ఎకరంలోపు రైతులలో కొందరికి 50 క్వింటాళ్లు మించింది. గణాంక పరీక్షలన్నీ ఈ ఫలితాన్ని సమర్థించాయి. దానికి కారణాలు కూడా సిద్ధంగా ఉన్నాయి: చిన్న రైతు కుటుంబ శ్రమ, నిశితమైన పర్యవేక్షణ, పశువుల ఎరువు.

అసలు కారణం వేరు. తెలంగాణలో రైతు తన భూమిని ఎకరాలు, గుంటలలో చెబుతాడు. 40 గుంటలు ఒక ఎకరం. ముప్పై గుంటల మడిని కాగితంపై 0.30 అని రాసుకోవడం అక్కడ వాడుక. కంప్యూటరు దానిని ఎకరంలో పదింట మూడు వంతులుగా చదివింది. వాస్తవంలో అది 0.75 ఎకరం. ఎకరాకు 22 క్వింటాళ్ల చొప్పున ఆ మడిలో 16.5 క్వింటాళ్లు పండితే, దానిని 0.30తో భాగించగా 55 క్వింటాళ్లు వచ్చింది. 1.30గా నమోదైన రైతుకు, అంటే ఎకరం ముప్పై గుంటలకు, అదే దిగుబడి 29.6 క్వింటాళ్లయింది. 5.10గా నమోదైన రైతుకు 22.6 మాత్రమే. అందరి పొలంలోనూ పంట ఒకే విధంగా పండినా, చుక్క తర్వాతి అంకెలను చదవడంలో జరిగిన పొరపాటు చిన్న కమతాన్ని ఎక్కువగా, పెద్ద కమతాన్ని తక్కువగా పెంచి చూపింది. కోస్తా జిల్లాలలో భూమిని సెంట్లలో చెబుతారు. 100 సెంట్లు ఒక ఎకరం గనుక అక్కడ ఇదే రాత సరిపోతుంది. రెండు ప్రాంతాల దత్తాంశాన్ని ఒకే ఫైలులో కలిపి ఉంటే, తెలంగాణ చిన్న రైతు ఆంధ్ర చిన్న రైతు కంటె రెట్టింపు సమర్థుడని కూడా తేలి ఉండేది!

ఈ ఉదంతంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. కుటుంబ సర్వే దత్తాంశంతో వచ్చే చిక్కులు గణాంక పద్ధతులకు సంబంధించినవని విద్యార్థులు భావించి, మరింత క్లిష్టమైన నమూనాల కోసం వెతుకుతారు. నా అనుభవంలో అధిక భాగం చిక్కులు అంతకుముందు మెట్టులోనే ఉంటాయి: ఎవరిని, ఎప్పుడు, ఏ మాటలతో అడిగారు, వచ్చిన జవాబును ఏ కొలతలో రాశారు అన్న మెట్టులో. సర్వే ప్రశ్నావళిని, క్షేత్ర సిబ్బందికి ఇచ్చిన సూచనల పుస్తకాన్ని చదవకుండా దత్తాంశపు ఫైలును తెరవకూడదని నేను గట్టిగా చెబుతాను. తమ సొంత క్షేత్ర సర్వే చేసేవారికీ, ప్రభుత్వ సర్వేల కుటుంబ స్థాయి దత్తాంశాన్ని వాడుకునేవారికీ ఇది సమానంగా వర్తిస్తుంది.

ఎవరిని అడిగారు?

జాతీయ నమూనా సర్వే జరిపిన వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల సర్వేలు మన పరిశోధకులకు అత్యంత ఉపయుక్తమైనవి. 2003, 2013, 2019 సంవత్సరాలలో ఇవి జరిగాయి. దేశంలో వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం వరుసగా రూ. 2,115, రూ. 6,426, రూ. 10,218గా వెల్లడైంది. ఈ మూడు సంఖ్యలను ఒక రేఖపై ఉంచి ఆదాయం అయిదు రెట్లకు చేరువైందని రాసిన సిద్ధాంత వ్యాసాలు కొన్ని నా పరిశీలనకు వచ్చాయి.

2003లో సర్వే పరిధిలోనికి వచ్చినవారు భూమి చేతిలో ఉండి దానిపై వ్యవసాయ కార్యకలాపం సాగించే రైతులు. 2013లో భూమి ఉండాలన్న నియమాన్ని తొలగించారు. గడచిన 365 రోజులలో వ్యవసాయ కార్యకలాపాల నుంచి రూ. 3,000కు మించిన ఉత్పత్తి పొంది, కనీసం ఒక సభ్యుడు వ్యవసాయంలో స్వయం ఉపాధి కలిగి ఉన్న కుటుంబాన్ని వ్యవసాయ కుటుంబంగా నిర్వచించారు. 2019లో ఆ పరిమితి రూ. 4,000 అయింది. సెంటు భూమి లేకుండా రెండు గేదెలతో పాలు పోసుకునే కుటుంబం మొదటి సర్వేలో లెక్కకు రాదు, తర్వాతి రెండింటిలో వస్తుంది. కాబట్టి 2003, 2013 సంఖ్యల మధ్య తేడాలో కొంత భాగం ఆదాయపు మార్పు, కొంత భాగం మనుషుల మార్పు.

కాలాన్ని కూడా చూడాలి. 2003 సర్వేలో పంట ఆదాయానికి లెక్కలోకి తీసుకున్నది 2002 జూలై నుంచి 2003 జూన్ వరకు గల వ్యవసాయ సంవత్సరం. 2002 నైరుతి రుతుపవనాలు దేశమంతటా తీవ్రంగా విఫలమైన ఏడాది అది. కరువు సంవత్సరాన్ని మొదటి మెట్టుగా పెట్టుకుంటే ఆ పై మెట్లన్నీ ఎత్తుగానే కనిపిస్తాయి.

2013, 2019 సర్వేల నిర్వచనాలు దగ్గరగా ఉన్నందున వాటిని పోల్చడం కొంత మేలు. అయినా మొత్తాన్ని కాక భాగాలను పోల్చాలి. పంట సాగు నుంచి వచ్చిన నికర ఆదాయం నెలకు రూ. 3,081 నుంచి రూ. 3,798కి, అంటే 23 శాతం పెరిగింది. ఆ ఆరేళ్లలో గ్రామీణ వినియోగ ధరలు అంతకంటె ఎక్కువ పెరిగాయి గనుక, పంట ఆదాయపు కొనుగోలు శక్తి తగ్గిందని చెప్పాలి. కూలి, వేతనాల ఆదాయం మాత్రం రూ. 2,071 నుంచి రూ. 4,063కు చేరింది. 2013లో మొత్తం ఆదాయంలో 48 శాతంగా ఉన్న పంట వాటా 2019 నాటికి 37 శాతానికి దిగి, వేతనాల వాటా దానిని దాటింది. ‘రైతు ఆదాయం పెరిగింది’ అన్న వాక్యం ఇక్కడ అబద్ధం కాదు. కాని విస్తరణ శాస్త్రవేత్తకు అది దాచిపెట్టే విషయమే ముఖ్యం. పెరిగినది పొలం బయట.

మరొక సూక్ష్మం. రూ. 10,218 అన్నది చేతినుంచి చెల్లించిన ఖర్చులను మాత్రమే తీసివేసిన లెక్క. ఇంట్లో ఉన్న విత్తనం, పెంటపోగు ఎరువు, సొంత మేత వంటి వాటికి విలువ కట్టి తీసివేస్తే అదే సర్వేలో అదే ఆదాయం రూ. 8,337 అవుతుంది. రెండూ ప్రచురిత సంఖ్యలే. వ్యాసంలో ఏది వాడినా, ఏది వాడుతున్నామో చెప్పి తీరాలి. ఒక పట్టికలో ఒకటి, మరొక పట్టికలో రెండవది వాడి పోల్చడం మాత్రం క్షమార్హం కాదు.

గుణకాలు

నమూనాలోని ప్రతి కుటుంబమూ సమానమైన సంఖ్యలో కుటుంబాలకు ప్రాతినిధ్యం వహించదు. ఇక్రిశాట్ 1975లో ప్రారంభించిన గ్రామ స్థాయి అధ్యయనాలను ఉదాహరణగా తీసుకుందాం. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు, షోలాపూర్ జిల్లాలో షిరాపూర్, కల్మన్, అకోలా జిల్లాలో కంజరా, కింఖెడా గ్రామాలను ఎంచుకొని, ప్రతి గ్రామంలో 40 కుటుంబాలను అధ్యయనం చేశారు. భూమిలేని కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్యతరగతి రైతులు పది, పెద్ద రైతులు పది. తరగతుల మధ్య పోలికకు ఈ ఏర్పాటు చక్కనిది. గ్రామ సగటుకు మాత్రం నేరుగా పనికిరాదు, ఎందుకంటే ఏ గ్రామంలోనూ ఈ నాలుగు తరగతులు సమానంగా ఉండవు.

ఊహకు ఒక గ్రామాన్ని తీసుకోండి. కూలి కుటుంబాలు 100, చిన్న రైతులు 120, మధ్యతరగతి 60, పెద్ద రైతులు 20. వారి వార్షిక ఆదాయాలు వరుసగా 40, 60, 90, 200 వేల రూపాయలు అనుకుందాం. నలభై కుటుంబాల నమూనాలో సాధారణ సగటు రూ. 97,500. ప్రతి తరగతికి గ్రామంలో ఉన్న కుటుంబాల సంఖ్యను గుణకంగా వాడితే సగటు రూ. 68,667. గ్రామం మారలేదు, సమాధానాలు మారలేదు. గుణకాన్ని విస్మరించినందువల్ల గ్రామం 42 శాతం ధనవంతమైంది.

జాతీయ నమూనా సర్వే ఫైళ్లలో ఈ గుణకం ప్రతి కుటుంబపు వరుస చివర ఉంటుంది. అది రెండు దశాంశ స్థానాలతో, చుక్క లేకుండా రాసి ఉంటుంది కనుక 100తో భాగించాలి. ఇక్కడ ఒక మోసం ఉంది: భాగించడం మరచినా సగటులు, శాతాలు సరిగానే వస్తాయి, ఎందుకంటే అందరి గుణకమూ ఒకే రెట్టు పెరిగింది. మొత్తాలు లెక్కించినప్పుడే రాష్ట్రంలోని కుటుంబాల సంఖ్య కోట్లు దాటి పొరపాటు బయటపడుతుంది. 2013 నాటి ఫైళ్లలో ఉపనమూనాల సంకేతాన్ని బట్టి కొన్ని వరుసలను 100తో, కొన్నిటిని 200తో భాగించవలసి ఉంటుంది. అక్కడ మరపు సగటులను కూడా చెడగొడుతుంది.

దీనికి నేను విద్యార్థులకు విధించే నియమం ఒకటే. సొంత విశ్లేషణ మొదలుపెట్టకముందు, ప్రచురిత నివేదికలోని ఒక సంఖ్యను కుటుంబ స్థాయి దత్తాంశం నుంచి తిరిగి రాబట్టాలి. 2019 సర్వే వాడేవారు రూ. 10,218ని రాబట్టి చూపిన తర్వాతనే తమ పరికల్పన జోలికి పోవాలి. ఈ పనికి కొందరికి రెండు రోజులు పడుతుంది, కొందరికి మూడు వారాలు. ఆ మూడు వారాలలో వారు నేర్చుకునేది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఫైళ్లను కలిపేటప్పుడు మూడు పంటలు వేసిన కుటుంబం మూడు వరుసలై, దాని భూమి మూడుసార్లు లెక్కకు వచ్చిందని తెలుస్తుంది. మొదటి సందర్శనలో దొరికి రెండవ సందర్శనలో దొరకని కుటుంబాలకు యాసంగి ఆదాయం సున్నా కాదని, లేదని తెలుస్తుంది. ఖాళీ గడికి, సున్నాకు ఉన్న భేదం అక్కడే అర్థమవుతుంది.

సగటు ఎవరి మీద తీసినది?

ఖాళీ, సున్నాల భేదం చిన్న విషయంగా కనిపించవచ్చు. తెలుగు రాష్ట్రాల రైతుల అప్పుల విషయంలో అది ఎంత దూరం పోతుందో చూద్దాం. 2019 సర్వే ప్రకారం దేశంలో 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలకు అప్పు ఉంది. కుటుంబానికి సగటు బాకీ రూ. 74,121. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, రూ. 2,45,554. తెలంగాణలో 91.7 శాతం, రూ. 1,52,113. తెలంగాణ రైతు అప్పు దేశ సగటుకు రెట్టింపు అని పత్రికలు రాశాయి, సిద్ధాంత వ్యాసాలూ రాశాయి.

ఈ సగటులు అప్పు లేని కుటుంబాలను కూడా సున్నాలుగా చేర్చి తీసినవి. అప్పు ఉన్న కుటుంబాలపైనే సగటు కావాలంటే శాతంతో భాగించాలి. అప్పుడు దేశంలో అప్పున్న కుటుంబపు సగటు బాకీ సుమారు రూ. 1,47,650, తెలంగాణలో రూ. 1,65,880; ఆంధ్రప్రదేశ్‌లో రూ. 2,63,470. రెట్టింపుగా కనిపించిన తెలంగాణ అంతరం 12 శాతానికి దిగింది. ఆంధ్రప్రదేశ్ అంతరం 3.3 రెట్ల నుంచి 1.8 రెట్లకు తగ్గినా, పెద్దదిగానే మిగిలింది. ఒకే వరుసలో రాయబడే రెండు రాష్ట్రాల సమస్యలు ఒకటి కావని ఈ చిన్న భాగహారం చెబుతుంది. తెలంగాణలో దేశంతో ప్రధాన భేదం అప్పు పరిమాణంలో కంటె అప్పు వ్యాప్తిలో ఉంది. ఆంధ్రలో రెండింటిలోనూ ఉంది.

అప్పు వ్యాప్తి అంటే దురవస్థ అని వెంటనే అనలేము. సహకార సంఘంలో పంట రుణం, బ్యాంకులో బంగారంపై రుణం, మహిళా సంఘంలో పొదుపు రుణం ఉన్న కుటుంబం, ఎరువుల కొట్టు యజమానికి కోత నాటి ధరకు ధాన్యం అప్పగించే షరతుపై బాకీపడిన కుటుంబం, రెండూ ఈ శాతంలో ఒక్కొక్కటిగానే లెక్కకు వస్తాయి. అప్పు దొరకని కుటుంబం అప్పులేని కుటుంబంగా కనిపించే ప్రమాదమూ ఉంది. 91.7ను చూసి ఆందోళన చెందడం గాని, సంస్థాగత రుణం విస్తరించిందని సంతోషించడం గాని తొందరపాటే. ఎవరి వద్ద, ఏ అవసరానికి, ఏ వడ్డీకి అన్న ప్రశ్నలకు సమాధానాలు అదే దత్తాంశంలో ఉన్నాయి. వాటిని తీసి చూడడమే పరిశోధన.

నూట ఇరవై మంది రైతులు

విస్తరణ విద్యలో స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసమంటే 120 మంది రైతులన్నది దాదాపు ఆచారమైపోయింది. పన్నెండు గ్రామాలు, గ్రామానికి పదిమంది. ఒకే గ్రామంలోని రైతులు ఒకే చెరువు నీరు, ఒకే విత్తన దుకాణం, ఒకే వ్యవసాయ విస్తరణ అధికారి మీద ఆధారపడతారు కనుక వారి సమాధానాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. ఆ పోలికను 0.2 అనుకుంటే, నమూనా వ్యత్యాసం 1 + (10 − 1) × 0.2, అంటే 2.8 రెట్లు పెరుగుతుంది. 120ని 2.8తో భాగిస్తే 43. మనం మాట్లాడింది 120 మందితో. స్వతంత్ర సమాచారం మాత్రం 43 మంది ఇచ్చినంత. గ్రామానికి అయిదుగురి చొప్పున 24 గ్రామాలు తిరిగి ఉంటే అదే 120 మంది 67 మందికి సమానమయ్యేవారు. ప్రయాణపు ఖర్చు పెరుగుతుందన్నది నిజమే. ఆ ఖర్చు దేనికో తెలిసి నిర్ణయించుకోవాలి.

జాతీయ సర్వే నుంచి జిల్లా స్థాయి అంచనాలు తీయబోయేవారికి కూడా ఇదే చిక్కు. రాష్ట్ర స్థాయిలో నమ్మదగిన నమూనా, ఒక జిల్లాలో కొద్ది గ్రామాలకు పరిమితమవుతుంది. ఆ కొద్ది గ్రామాలు కాలువ కింద పడ్డాయా, మెట్టలో పడ్డాయా అన్నదానిపై జిల్లా చిత్రమే మారిపోతుంది.

కొలత మారితే ముగింపు మారుతుంది

ఇక్రిశాట్ గ్రామాల దత్తాంశంపై జరిగిన ఒక చర్చ ఈ సందర్భంలో ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినది. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఔరేపల్లె, షిరాపూర్, కంజరా గ్రామాల కుటుంబాల ఆదాయాన్ని, వినియోగాన్ని పరిశీలించాడు. వర్షం తప్పి ఒక కుటుంబపు ఆదాయం పడిపోయినా దాని వినియోగం అంతగా పడిపోదని, గ్రామ సగటు వినియోగంతో పాటు నడుస్తుందని గమనించాడు. చేబదులు, చుట్టరికం, నిల్వ ధాన్యం వంటి వాటితో గ్రామం తనకు తాను చాలావరకు బీమా చేసుకుంటోందన్నది దాని సారాంశం. 1997లో రావల్లియన్, చౌధురి అదే దత్తాంశంలో వినియోగపు కొలతను మార్చి చూడగా, కుటుంబ ఆదాయపు ప్రభావం మరింత ఎక్కువగా తేలింది.

ఇది కేవలం పండితుల తగవు కాదు. గ్రామం తనను తాను కాపాడుకోగలిగితే పంటల బీమాకు పెట్టే ప్రభుత్వ ధనాన్ని గురించి ఒక విధంగా ఆలోచిస్తాము. లేకపోతే మరొక విధంగా. ఆ నిర్ణయం, జొన్న, ఆముదం పండించే ఒక పల్లెలో కుటుంబం తిన్న గింజలను ఎలా లెక్కకట్టారన్నదానిపై ఆధారపడింది. పండిన దానిలో అమ్మినది, నిల్వ ఉన్నది పోగా మిగిలినదంతా తిన్నారని లెక్కిస్తే, పంట కొలతలోని తప్పు యథాతథంగా తిండి లెక్కలోకి ప్రవహిస్తుంది. అప్పుడు ఆదాయానికీ వినియోగానికీ లేని బంధం ఉన్నట్టు కనిపించవచ్చు. వినియోగాన్ని విడిగా అడిగితే ఆ ప్రమాదం తగ్గి, జ్ఞాపకపు పొరపాట్లు చేరుతాయి. దోషం లేని కొలత లేదు; ఏ కొలతలో దోషం ఏ దిక్కుకు లాగుతుందో తెలుసుకొని ఉండాలి.

మన క్షేత్రాలలో బస్తా కూడా ఇటువంటిదే. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి, పాత వాడుకలో 75 కిలోల బస్తా. ‘ముప్పై బస్తాలు’ అన్న జవాబు 12 క్వింటాళ్లు కావచ్చు, 22.5 కావచ్చు. ప్రశ్నావళిలో బస్తా పక్కన కిలోల గడి లేకపోతే ఆ సర్వే నుంచి దిగుబడిని అంచనా వేసే మార్గం లేదు.

మిగిలిన కొద్దిపాటి సంబంధం

తొలి ఉదంతంలోని విద్యార్థి గుంటలను ఎకరాలుగా మార్చిన తర్వాత కమత పరిమాణానికి, దిగుబడికి మధ్య కనిపించిన సంబంధం చాలావరకు మాయమైంది. పూర్తిగా కాదు. ఎకరంలోపు భూమి ఉన్న కొన్ని కుటుంబాల దిగుబడి ఇంకా నమ్మరానంత ఎక్కువగా ఉంది. వాటిని అసాధారణ విలువలుగా తొలగించి ముందుకు పోదామని అతడు ప్రతిపాదించాడు. ఈ సలహా పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. అయినా నేను అంగీకరించక, ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లి రమ్మన్నాను.

ఆ కుటుంబాలలో ఎక్కువ భాగం కౌలుదారులు. ప్రశ్నావళి మొదటి పుటలో ‘మీకు ఎంత భూమి ఉంది?’ అని, నాలుగవ పుటలో ‘వరి ఎంత పండింది?’ అని అడిగారు. మొదటి ప్రశ్నకు వారు పాసు పుస్తకంలోని ముప్పై గుంటలు చెప్పారు. రెండవదానికి ఇంటికి వచ్చిన ధాన్యమంతా చెప్పారు. అందులో నోటి మాటపై చేస్తున్న రెండెకరాల కౌలు పంట కూడా ఉంది. ఎవరూ అబద్ధమాడలేదు. కౌలు సంగతి బయటకు పొక్కితే వచ్చే ఏడు ఆ భూమి దక్కదేమోనన్న భయంతో, అడగనిదే వారు చెప్పలేదు. అధిక దిగుబడి సాధించిన ఆదర్శ రైతులుగా సిద్ధాంత వ్యాసంలో నిలవబోయినవారు, నిజానికి పంట రుణం, నష్టపరిహారం అందుకోవడానికి కాగితం లేని రైతులు.

విద్యార్థి తన ప్రశ్నను మార్చుకున్నాడు. ‘మీకు ఎంత భూమి ఉంది?’ అన్నదాని స్థానంలో ‘ఈ వానాకాలం ఎక్కడెక్కడ, ఏ మడులు నాటారు?’ అని అడిగి, మడివారీగా విస్తీర్ణం, పంట, ఆ మడి ఎవరిది అన్నవి మూడు గడులలో రాసుకున్నాడు. నమూనాలోని కుటుంబాలన్నిటినీ ఆ ప్రశ్నతో మరొకసారి కలవడానికి అతనికి ఇంకొక నెలన్నర పట్టింది.